జహీరుద్దీన్ సారు గీతలు

హన్మకొండలో సుబేదారి ఆఫీసుల వెనకాల అప్పట్లో ఒక ఖాళీ జాగా ఉండేది. రోజూ తెల్లవారి ఐదున్నరకు జహీరుద్దీన్ సారు సైకిల్ తొక్కుకుంటూ అక్కడికి వచ్చేవాడు. హ్యాండిల్‌కు ఒక పక్క డాల్డా డబ్బా, ఇంకో పక్క తడి సున్నం బకెట్. డబ్బా అడుగున మేకుతో కొట్టిన చిల్లు, ఆ చిల్లుకు ఒక చింతపుల్ల. సైకిల్‌ను గోడకు ఆనించి, పైజామా మోకాళ్ల దాకా మడిచి, డబ్బాలోకి సున్నం వంపి, పుల్ల పీకేవాడు. ఇక కబడ్డీ కోర్టు గీయడమే.

గీత గీసేవాళ్లెవరైనా నేలను చూస్తారు. సారు వెనక్కి నడుస్తూ గీసేవాడు, నేలను చూసేవాడు కాదు. గోడ మీద వరసగా కూర్చుని కళ్లు నులుముకుంటున్న, తాను ఆట నేర్పే ఆడపిల్లలను చూసేవాడు. ఎవరు రాత్రి తినకుండా పడుకున్నారో, ఎవరి ఇంట్లో కొట్లాట అయిందో, ఎవరి మడమ వాచిందో, నాలుగు పక్కలా గీత పూర్తయ్యేసరికి ఆయనకు తెలిసిపోయేది. ఆయన ఎడమ మోకాలు ఎప్పుడో ఆటలో విరిగి వంకరగా అతికింది. అందుకని ఎడమ మూల తిరిగేచోట గీత కొంచెం బయటికి ఉబ్బేది, బుగ్గలో బెల్లంముక్క పెట్టుకున్నట్టు.

ఆ గీతలు ఎంత వాన కొట్టినా పోయేవి కావు. నీళ్లు నిలిస్తే నీళ్ల కింద తెల్లగా కనబడేవి. మేకలు వాటి దాకా వచ్చి ముందుకాళ్లు ఎత్తి దూకి పోయేవి. ఆఫీసు జీపులు చుట్టు తిరిగి పోయేవి. అదేమిటని ఎవరూ అడగలేదు. సారు గీసిన గీత పోదు, అంతే.

చిలుకమ్మ అనే పిల్ల మాత్రం ఒకసారి అడిగింది. "చెరిగిపోనే పోవు గద సార్, మల్ల రోజు ఎందుకు గీస్తరు?"

"గీత కోసం గీస్తాననుకున్నవా బేటా? మిమ్ముల జూసేటందుకు గీస్తాన," అన్నాడు సారు.

ఆటకు పుస్తకాల్లో ఉన్న నియమాలు ఉన్నాయి కదా, సారుది ఇంకొకటి ఉండేది. గీత లోపల కాలు పెట్టినవాళ్లు ఎవరైనా ఆటలో ఉన్నట్టే. పోస్ట్‌మ్యాన్ వీరభద్రం దగ్గరి తోవ కదా అని ఒక పొద్దున కోర్టు మధ్యలోంచి నడిచాడు. ఏడుగురు పిల్లలు మీదపడి పట్టేశారు. సంచి ఎగిరి ఉత్తరాలు నలుదిక్కులా పడ్డాయి. ఆయన కోపం తెచ్చుకోలేదు. "కూత వెట్టకుండ లోపలికి వచ్చిన, నాదే తప్పు," అని ఒక్కొక్కటే ఏరుకుని, ఆ తర్వాత చుట్టు తిరిగే పోయేవాడు.

డెబ్బయి నాలుగో సంవత్సరంలో కట్టమ్మ ఆ గీతల్లోకి వచ్చింది. ఆటకు రాలేదు. పదమూడేళ్ల పిల్ల, తలమీద పిడకల గంప, పొద్దున్నే నాలుగిళ్లు తిరిగి ఇచ్చి బడికి పోవాలి. తొందరలో కోర్టులో కాలు పెట్టింది. ఇంకేముంది, ఏడుగురూ లేచారు. కట్టమ్మకు వాళ్లెందుకు వస్తున్నారో తెలియదు. ఒకరి చేతి కిందినుంచి వంగింది, ఒకరి కాలు మీదినుంచి దాటింది, ఇద్దరి మధ్యలోంచి పక్కకు తిరిగి జారింది. అవతలి గీత దాటి నిలబడి చూస్తే గంప తలమీదే ఉంది. ఒక్క పిడక జారలేదు.

సారు చేతిలో డబ్బా వంగిపోయి సున్నమంతా పాదం మీద పడింది కూడా ఆయన చూసుకోలేదు.

ఆ సాయంత్రమే వాళ్ల ఇల్లెక్కడని అడుగుతూ వెళ్లాడు. కట్టమ్మ తండ్రి రాజమల్లు గింజల మండీలో హమాలీ. అప్పుడే వచ్చి వీపుకు నూనె రాయించుకుంటున్నాడు. సారు గోనెసంచి మీద కూర్చుని సంగతి చెప్పాడు.

"ఆడివిల్లకు ఆటేంది సారు?" అన్నాడు రాజమల్లు. "కాలో చెయ్యో ఇరుగుతె రేపు ఎవలు చేసుకుంటరు?"

సారు పైజామా పైకి లాగి వంకర మోకాలు చూపించాడు. "నాది ఇరిగింది. మా తాహెరా చేసుకున్నది."

"నువ్వు మొగోనివి."

"గా మాట తాహెరాతోని అను. గిసొంటి కాలోన్ని చేసుకున్నందుకు ఇరవై ఏండ్ల సంది తిడుతాంది."

రాజమల్లుకు నవ్వొచ్చింది. నవ్విన మనిషి ఎంతసేపు కాదంటాడు? ఆ పూట సారు అక్కడే జొన్నగట్క తిని, మిరపకాయ ఇంకోటి అడిగి తిన్నాడు. తాహెరా బేగం తన పాత సల్వార్ల కుట్లు విప్పి, కట్టమ్మ కొలతకు పైజామా కుట్టి పంపింది. టీములో పిల్లలందరికీ అట్లాగే కుట్టింది. అందుకే వాళ్ల టీములో ఒకరిది గులాబి రంగు, ఒకరిది ఆకుపచ్చ, కట్టమ్మది పసుపుపూలది.

కట్టమ్మకు ఒకటే జబ్బు ఉండేది. కూతకు పోతుంది, పాములా పోతుంది, అవతలి వాళ్లలో ఒకరిని ముడుతుంది. ముట్టగానే నవ్వొస్తుంది. నవ్వితే దమ్ము తెగుతుంది, దమ్ము తెగితే కూత పోతుంది, కూత పోతే ఔటు. తెలిసీ ఆపుకోలేకపోయేది. డెబ్బయి ఏడులో కరీంనగర్‌లో పెద్ద మ్యాచు. చివరి కూత కట్టమ్మది. ముగ్గురిని ముట్టింది. ముగ్గురిని ముట్టానన్న సంతోషానికి గీతకు జానెడు దూరంలో కిలకిలమని నవ్వింది. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

తిరుగు బస్సులో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. కిటికీలోకి మొహం పెట్టి ఏడుస్తూ కూర్చుంది. సారు వచ్చి పక్కన కూర్చుని ఉడకబెట్టిన పల్లికాయల పొట్లం విప్పాడు.

"తిను."

"నాకద్దు సార్. నన్ను తీసెయ్యున్రి టీములకెల్లి."

"తీసేస్తె నేనెవల నవ్వు జూడాలె?" సారు ఒక కాయ ఒలిచి గింజలు ఆమె చేతిలో పెట్టాడు. "నవ్వద్దంటలేను. ముట్టుడు ఎవలైనా ముడుతరు కట్టమ్మా. మర్లి వచ్చుడే ఆట. నవ్వు మన గీత దాక తీసుకోని రా, ఆడ దించి నవ్వు. గీత నీ దగ్గరికి రాదు బిడ్డా, నువ్వే రావాలె."

ఆ ఏడాదే ఆమె పదో తరగతి తప్పింది. ఇక చదువు నా వల్ల కాదని ఇంట్లో కూర్చుంటే సారు తన మెట్రిక్ మార్కుల కాగితాలు మూడు తెచ్చి ముందు పరిచాడు. మూడూ తప్పినవే. "ఇగో, గిది లెక్కల్ల, గిది ఇంగ్లీషుల, గిది మల్ల లెక్కల్ల. నాలుగోది ఇంట్ల ఫ్రేము కట్టించి పెట్టిన," అన్నాడు. ఆ రోజునుంచి ప్రాక్టీసు అయ్యాక గోడ మీదే పుస్తకం పట్టించేవాడు. లెక్కలు ఆయనకూ సరిగా రావు. ఇద్దరూ కలిసి తప్పులు చేసి, కలిసి దిద్దుకునేవారు. తండ్రితో చెప్పలేనివి, తల్లితో చెప్పకూడనివి కట్టమ్మ ఆయనతో చెప్పేది. ఆయన కూడా, తనకు పిల్లలు లేని సంగతి, రైల్వే టీముకు ఆడాల్సిన ఏడాది మోకాలు విరిగిన సంగతి ఆమెకే చెప్పాడు. ఆమె పది పాసైంది.

డెబ్బయి తొమ్మిది వానకాలంలో సారుకు జ్వరం పట్టుకుంది. పది రోజులు దవాఖానలో ఉన్నాడు. పదకొండో రోజు పోయాడు. మరుసటి పొద్దున పిల్లలు మైదానానికి వెళ్తే అక్కడ గీతలు లేవు. ఐదేళ్ల వానలకు పోని గీతలు ఒక్క మరకైనా లేకుండా పోయాయి, నేల నేలలాగే ఉంది. పిల్లలు గోడ మీద కాసేపు కూర్చుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

నలభయ్యో రోజున తాహెరా బేగం అందరినీ పిలిచి అన్నం పెట్టింది. నర్సంపేటకు కోడలిగా పోయిన చిలుకమ్మ కూడా వచ్చింది.

"సారు గీతలు మా కల్లంల ఉన్నయి," అంది చిలుకమ్మ అన్నం కలుపుకుంటూ. "వడ్లు ఆరబోసుకోనిస్తలేడు. మా మామ గీత లోపల కాలు వెట్టిండు, నేను పట్టిన. ఇగ ఇంట్ల లొల్లే లొల్లి."

"మా అత్తగారింట్ల మిద్దె మీద ఉన్నయి," అంది టీములో ఇంకో పిల్ల ఖాసింబీ. "పొద్దుగూకంగ ఎక్కి ఆడుకుంటాన. మా ఆడబిడ్డలకు నేర్పిన."

కట్టమ్మ ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. తమ ఇంటి ముందుకు గీతలు రాలేదు. సారుకు అందరికంటే దగ్గర తానే అనుకుంది ఇన్నాళ్లూ.

తాహెరా బేగం ఆమె పళ్లెంలో ఇంకో గరిటె వడ్డించింది. "నువ్వు ఇంక ఏడికి పోయినవ్ బేటా? అవ్వగారింట్లనే ఉన్నవ్. పోయినోళ్ల ఎంబడి పంపుతాండు ఆయన. జర సబర్ పట్టు."

మరుసటి ఏడు కట్టమ్మ పెళ్లయింది. పరకాల తోవలో ఒక పల్లె. పెనిమిటి మొగిలి ట్రాక్టర్ డ్రైవరు, నెమ్మదైనవాడు. ఇంట్లో అత్త సమ్మమ్మ ఒక్కతే. మామ వెంకట్రాజం మగ్గం పని తెలిసినవాడు. మొగిలికి నాలుగేళ్లప్పుడు దసరాకు వస్తానని చెప్పి మరమగ్గాల పనికి భీవండి పోయాడు. ఇరవై దసరాలు వచ్చాయి, ఆయన రాలేదు. ఉత్తరమూ లేదు, చావు కబురూ లేదు. అప్పటినుంచి సమ్మమ్మ తన కొడుకును మగ్గం మీద కూర్చోనియ్యలేదు, ఊరు దాటి ఒక రాత్రి నిద్ర చేయనియ్యలేదు. గడప దాటిన మనిషి తిరిగి వచ్చేదాకా గడప దగ్గరే కూర్చుంటుంది.

కోడలు కాపురానికి వచ్చిన మరునాడు తెల్లవారి సమ్మమ్మ వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లింది. చల్లిన సాన్పు కింద తెల్లటి గీతలు తేలాయి. వాకిలి చూస్తే పది అడుగుల వాకిలి, కోర్టు చూస్తే పెద్ద కోర్టు. అది దాంట్లో ఎట్లా పట్టిందో ఎవరూ కొలవలేదు, పట్టింది. ఎడమ మూల బుగ్గ ఉబ్బి ఉంది.

కట్టమ్మ ఆ మూల దగ్గర కూర్చుని అరచేయి ఆనించి చాలాసేపు లేవలేదు.

"మీ అవ్వగారు పంపిండ్రా ఇది?" అంది సమ్మమ్మ.

"మా సారు పంపిండు అత్తమ్మా."

"ఊఁ. ఇంక పెట్టుపోతలుంటయేమో అనుకున్న," అని సమ్మమ్మ గీతలకు తగలకుండా ఒక పక్కకు ముగ్గు వేసుకుంది. కాకపోతే మిరపకాయల కాలం వచ్చేసరికి తిట్టడం మొదలుపెట్టింది. గీతల మధ్య మిరపకాయలు పోస్తే అవి గాలి లేకుండానే బయటికి దొర్లిపోయేవి. పోయడానికి లోపలికి వచ్చిన మనిషి ఆటలో ఉన్నట్టే కదా. సమ్మమ్మ లోపల కాలు పెట్టడం, కట్టమ్మ వంటింట్లోంచి "కబడ్డీ కబడ్డీ" అంటూ వచ్చి ముట్టి పోవడం.

"ఓ పిల్లా, అత్తను ముట్టుడేందే? సిగ్గులేదా?"

"సారు నియమం అత్తమ్మా. పట్టుకోరాదు మరి నన్ను."

ఒక రోజు సమ్మమ్మ కొంగు నడుముకు చుట్టి నిజంగానే పట్టింది. నలభై ఏళ్లు వడ్లు దంచిన చేతులవి. కట్టమ్మ విడిపించుకోలేకపోయింది. అప్పటినుంచి పొద్దున వాకిలి పని అయ్యాక రెండు కూతలు పడాల్సిందే. పక్కింటి పూలమ్మ కూడా చీర ఎగ్గట్టి వచ్చేది. "తొందర్గ ఆడి పోరాదున్రి, మిరపకాయలు పోసుకోవాలె," అని తిట్టుకుంటూనే సమ్మమ్మ కాలు ఎట్లా పట్టాలో, చేయి ఎట్లా పట్టాలో, గీత దగ్గర ఎట్లా కాపు కాయాలో నేర్చుకుంది. కట్టమ్మకు నెల తప్పినప్పుడు ఆగిన ఆట, కొడుకు పుట్టిన నాలుగో నెలలో మళ్లీ మొదలైంది. సమ్మమ్మే ముందు లోపల కాలు పెట్టింది.

ఎనభై రెండు మార్చిలో ఖాసింబీ దగ్గరినుంచి కార్డు వచ్చింది. పీటీ టీచర్ల ట్రైనింగుకు హన్మకొండలో సెలక్షన్లు, శుక్రవారం పొద్దున తొమ్మిదికి. ఈ ఏడు పోతే కట్టమ్మకు వయసు దాటుతుంది. ఆడపిల్లలకు ఆట నేర్పే ఆడమనిషి జిల్లాలో ఇద్దరు ముగ్గురే ఉన్నారు, నువ్వు రావాలె, అని రాసింది.

కట్టమ్మ కార్డు రెండుసార్లు చదివి పొయ్యి పక్క గూట్లో పెట్టింది. రాత్రి అన్నాలప్పుడు చెప్పింది. అడగలేదు, చెప్పింది. "శుక్రవారం మొదటి బస్సుకు పోతాన."

సమ్మమ్మ చేయి పళ్లెంలో ఆగిపోయింది. "ఒక్క పొద్దా?"

"సెలక్షన్ ఒక్క పొద్దు. సెలక్టయితె ఒక సంవత్సరం. హాస్టల్ల ఉండాలె."

"పసిపోరడు?"

"తల్లులకు వేరే అర్ర ఇస్తరట. తోలుకపోత."

"అంటె వాన్ని గూడ తోలుకపోతవ్." సమ్మమ్మ లేచి చేయి కడుక్కుంది. "పోవుడు అల్కనే పిల్లా. ఈ ఇంట్లకెల్లి పోయినోళ్లు మర్లి అచ్చిన్రా? నేను పోనియ్య."

కట్టమ్మ మొగిలి వైపు చూసింది. మొగిలి నీళ్ల చెంబు వైపు చూశాడు. "అవ్వ సరేనంటె నాకు సరే," అన్నాడు. "నువ్వు పోతానంటె కాదనుడు నాకు రాదు. నన్ను నడుమల వెట్టకున్రి, గంతే."

మూడు రోజులు అత్తా కోడళ్ల మధ్య మాటలు లేవు. ఆట మాత్రం ఆగలేదు. ఎంత వింత చూడండి, మాట్లాడుకోని మనుషులు పొద్దున్నే కొంగులు బిగించి గీతల్లోకి వచ్చేవారు. సమ్మమ్మ ఎప్పుడూ లేనంత బలంగా పట్టేది, నిజంగానే పోనియ్యనన్నట్టు. కట్టమ్మ ఎప్పుడూ లేనంత బలంగా విడిపించుకునేది. మోచేతులు గీరుకుపోయాయి. పూలమ్మ జడిసి గీత బయటే నిలబడింది. గురువారం పొద్దున కట్టమ్మ అత్తను గీత దాకా ఈడ్చుకుంటూ వచ్చి, వేలి కొనతో నడిమి గీతను ముట్టింది. కూత తెగలేదు. ఆమె నవ్వలేదు కూడా. సమ్మమ్మ నేల మీద కూర్చుని ఆయాసపడుతూ కోడలి ముఖం చూసింది. ఆ ముఖం చూశాక ఈ పిల్ల పోతుందని ఆమెకు తెలిసింది.

శుక్రవారం తెల్లవారింది. సమ్మమ్మ సాన్పు బకెట్ పట్టుకుని బయటికి వచ్చింది. వాకిట్లో గీతలు లేవు.

ఆమె రెండుసార్లు చూసుకుంది. తర్వాత బకెట్ దించి, మిరపకాయల బస్తా ఈడ్చుకొచ్చి వాకిలి నిండా పోసింది. అవి దొర్లలేదు, పోసినచోటే ఉన్నాయి.

"సూసినవా," అంది, సంచి భుజానికి వేసుకుని గడప లోపల నిలబడ్డ కోడలితో. "మీ సారే ఒద్దంటాండు. ఆట అయిపోయింది."

కట్టమ్మ వాకిలి చూసింది. అయినా చెప్పులు వేసుకుంది. "సారు ఉన్నా లేకున్నా నేను పోవాలె అత్తమ్మా. గీతలున్నయని పోతలేను, నాకు ఆట వస్తదని పోతాన. పోరడు పండుకున్నడు, పాలు గిలాసల పెట్టిన. మాపటి బస్సుకు వస్త."

సమ్మమ్మ పోయి గడప మీద అడ్డంగా కూర్చుంది. రెండు చేతులూ దర్వాజకు రెండు పక్కలా ఆనించింది.

"మాపటి బస్సుకనే చెప్పిండు ఆయన గూడ. కాదు, దసరకని. గిట్లనే సంచి ఏసుకున్నడు. గిట్లనే పోరడు పండుకున్నడన్నడు. నేను పక్కకు జరిగిన. ఇరవై ఏండ్లాయె, అప్పుడు ఎందుకు జరిగిన్నా అని ఏడుస్తాన. ఇప్పుడు జరుగ."

కట్టమ్మ అత్త ముందు నేల మీద కూర్చుంది. దూరంగా ఎక్కడో బస్సు హారన్ వినబడింది.

సమ్మమ్మకు కూర్చున్నచోట చల్లగా తగిలింది. చేయి పెట్టి చూసుకుంటే తెల్లగా అంటింది. లేచి నిలబడింది. గడప కర్ర మీద, ఈ చివరినుంచి ఆ చివరికి, అప్పుడే గీసినట్టు తడి సున్నం. గీత అక్కడితో ఆగలేదు. గోడ వెంట పోయి, పూలమ్మ ఇంటి అరుగు ఎక్కి దిగి, అటు ఊరి చివరి దాకా, ఇటు చెలక దాకా ఒకటే గీత.

వీధిలోంచి మొగిలి వచ్చాడు. "అవ్వా, బస్సు నిలవడ్డది. హన్మకొండకెల్లి వచ్చిన డ్రైవర్ చెప్పిండు, ఆడ గ్రౌండు కాడ గూడ సున్నం గీతనట. తోవ పొడుగునా రెండు దిక్కుల గీతలేనట. ఎడమ మూల తిరిగిన కాడ ఉబ్బి ఉన్నదట, అక్కడ జర పక్కకు జరిపి తెచ్చిండట బండి."

సమ్మమ్మ సున్నం అంటిన చేయి చూసుకుంటూ నిలబడింది. రెండేళ్లు ఆడిన మనిషి ఆమె. కోర్టు ఎంత పెద్దదైందో, ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కటే అడిగింది.

"హన్మకొండది చివరి గీత. మరి నడిమి గీత నా గడప మీద గీసిండా?"

"నీ గడప మీదనే అత్తమ్మా."

"అంటె ఎంత దూరం పోయినా మర్లి ఈడికే రావాలె."

"ఈడికే రావాలె. రాకపోతె ఔటే."

బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది, తొందరగా కాదు, ఉన్నామని చెప్పినట్టు. సమ్మమ్మ కాలు తీసి పక్కకు జరిగింది. "పో," అంది. "కాలి కడుపుతోని పోకు. సద్దన్నం మూట గట్టుకో."

హన్మకొండ మైదానంలో డెబ్బయి మంది అమ్మాయిలు వచ్చారు. ఉరకమన్నారు, ఉరికింది. దూకమన్నారు, దూకింది. పరుగులో ఆరోది, దూకడంలో తొమ్మిదోది. చివరికి కబడ్డీ పెట్టారు. ఎదురుగా ఉన్నవాళ్లంతా పద్దెనిమిదేళ్ల పిల్లలు, బూట్లు వేసుకున్నవాళ్లు. కట్టమ్మ చీర గోచీ పోసి కూతకు పోయింది. వాళ్లు పట్టారు. పట్టిన పట్టు ఆమెకు పూలదండలాగ తోచింది. ఆమెను మూడు రోజులు పట్టిన చేతులు వేరే. ఇద్దరిని ముట్టి, ఇద్దరినీ మోసుకుని వచ్చింది.

రాసుకుంటున్న పెద్దాయన కలం ఆపాడు. "ఎవరు నేర్పిండ్రమ్మా?"

"జహీరుద్దీన్ సారు."

ఆయన తల ఊపాడు. "పెండ్లయి పిల్లగాడున్నడంటున్నవ్. ప్రాక్టీసు ఎవలతోని?"

"మా అత్తమ్మతోని."

ఆయన ఆమెను ఒకసారి తేరిపార చూసి, కాగితం మీద ఏదో రాసి, కింద గీత కొట్టాడు. నాలుగు గంటలకు ఇరవై పేర్లు చదివారు. ఆమెది పద్నాలుగోది.

తిరుగు బస్సు తోవలో టైరు మార్చుకుని ఆలస్యంగా వచ్చింది. కట్టమ్మ దిగేసరికి పొద్దు గూకుతోంది. వీధి మొదట్లోనే ఏదో చిన్న చప్పుడు వినబడింది, తుమ్మెద తిరుగుతున్నట్టు. ఇంకొంచెం దగ్గరికి వస్తే పూలమ్మ ఎదురొచ్చింది.

"అచ్చినవా తల్లీ, జల్ది పో. నువ్వు బస్సెక్కంగనే షురూ చేసింది. బువ్వ లేదు, మంచినీళ్లు లేవు. పోరనికి పాలు తాపుతాంది, ఉయ్యాల ఊపుతాంది, నోరు మాత్రం ఆపుతలేదు. అడిగితె చెయ్యి ఊపి పొమ్మంటది."

సమ్మమ్మ గడప లోపల కూర్చుని ఉంది. ఒళ్లో పసివాడు. కళ్లు వీధి మీద. పెదవులు ఎండి తెల్లబడ్డాయి. ఆ పెదవులమీద, సన్నగా, తెగకుండా, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ".

కట్టమ్మ ఉరికింది. చెప్పులు వీధిలోనే పోయాయి. గడప మీది గీత మీద కాలు వేసింది.

సమ్మమ్మ అప్పుడు ఆపింది. ఆపి, గుండె నిండా గాలి పీల్చుకుని, గోడకు ఆనుకుంది. కట్టమ్మ నీళ్ల చెంబు తెచ్చి తాగించింది. సగం తాగి, సగం మీద పోసుకుంది.

"బస్సుల టికెట్టడగాలె, ఆడ పేరడుగుతె చెప్పాలె," అంది సమ్మమ్మ గొంతు కీచుగా. "కూత తెగుతది గద నీకు. అందుకే నీ కూత నేను పట్టిన."

కట్టమ్మ అత్త పాదాల దగ్గర కూర్చుంది.

"అచ్చిందా పేరు?"

"అచ్చింది అత్తమ్మా."

"ఎన్ని దినాలంటివి?"

"ఒక సంవత్సరం."

సమ్మమ్మ మనుమడి నోటి చుట్టూ పాలు కొంగుతో తుడిచింది. వీధి చివర చెలక దాకా చీకటి పడుతోంది, గీత మాత్రం కనబడుతోంది. ఆమె దాన్ని ఒకసారి ఈ కొసనుంచి ఆ కొసకు చూసి, కోడలి చేతిలో ఖాళీ చెంబు పెట్టింది.

"సంవత్సరమంత దమ్ము నాకు లేదు పిల్లా," అంది. "శనివారం శనివారం రావాలె."